చీటీ లేని ప్రశ్న

మొన్న మా డిపార్ట్‌మెంట్‌లో కొత్తగా చేరిన లెక్చరర్ ఒకమ్మాయి ఫోన్ చేసింది. "మేడం, నన్ను సెమినార్ల ఇన్‌ఛార్జి చేసిన్రు. ఏం చేయాలెనో రేణుక మేడంకే ఎరుక, ఆమెనే అడుగు అంటున్రు అందరు" అంది. గొంతులో ఏడుపొక్కటే తక్కువ.

జహీరాబాద్ పీజీ సెంటర్ గణిత శాఖలో చేరిన ఏడాది నుంచి రిటైరయ్యేదాకా ఆ పని నాదే. పాఠం చెప్పడం చదువుకుని నేర్చుకున్నాను. సెమినార్ పెట్టడం మాత్రం పరువు పోగొట్టుకుని నేర్చుకున్నాను. అదంతా ఫోన్‌లో చెప్తే ఆ పిల్ల రాజీనామా ఇస్తుందేమోనని భయమేసి, రాసి పంపిస్తానన్నాను. ఇదే అది. నా ప్రమోషన్లు, సన్మానాలు ఇందులో ఉండవు. వాటివల్ల నాకు శాలువాలు మిగిలాయి తప్ప బుద్ధి రాలేదు.

మైకు, చాయ్, మూడోది

నేను చేరినప్పుడు హెడ్ జబ్బార్ సార్. ఇంట్లో ఉర్దూ, క్లాసులో ఇంగ్లిష్, మాతో తెలుగు మాట్లాడేవారు. కోపం వస్తే మూడూ కలిసి వచ్చేవి. మొదటి సెమినార్‌కు ముందు నన్ను పిలిచి కూర్చోబెట్టారు.

"చూడు మేడం, సెమినార్ అంటె మూడె ముచ్చట్లు. ఒకటి మైకు. రెండు చాయ్. మూడోది... యాదికొస్తె చెప్త. జర అవతల చూడు, కుర్చీలు వచ్చినయా?"

ఆ మూడోది ఆయనకు చాలా ఏళ్లు యాదికి రాలేదు. నేనూ అడగలేదు. మొదటి రెంటితోనే నాకు సరిపోయేది.

మైకు సంగతి చెప్పను, అది మీకూ జరుగుతుంది. దీపం సంగతి చెప్తాను. మా దగ్గర దీపం వెలిగించకుండా ఏ సభా మొదలుకాదు. నా మొదటి సెమినార్‌లో దీపం, నూనె, ఒత్తులు, పూలు అన్నీ తెచ్చి అగ్గిపెట్టె మరిచిపోయాను. దీపం ఆరిపోకుండా ఫ్యాన్లు ముందే ఆపేశాం. అతిథి చెమటలు కక్కుతూ దీపం ముందు నిలబడ్డారు. అగ్గిపెట్టె ఎవరి దగ్గరైనా ఉందా అని మైకులో అడిగాను. నిండుగా ఉన్న హాల్లో ఒక్కరి దగ్గరా లేదు. చివరికి ఫిజిక్స్ లెక్చరర్ తల వంచుకుని వచ్చి జేబులోంచి లైటర్ తీసిచ్చాడు. ముందు వరుసలో ఆయన భార్య కూర్చుని ఉంది. సిగరెట్లు మానేసి ఆరు నెలలైందని ఆమె అప్పటిదాకా నమ్ముతోంది. ఆ సాయంత్రం దాకా ఆయన నాతో మాట్లాడలేదు. ఆమె ఆయనతో ఎన్నాళ్లు మాట్లాడలేదో నేను అడగలేదు.

కాబట్టి హ్యాండ్‌బ్యాగులో అగ్గిపెట్టె పెట్టుకోండి. ఈ రాతలో పనికొచ్చే సలహా అదొక్కటే అయినా నాకు చింత లేదు.

చిరాగ్‌పల్లి దాటితే జాతీయం

సెమినార్‌కు 'జాతీయ' అన్న మాట తగిలిస్తే పైవాళ్ల దగ్గర విలువ ఎక్కువ. ఆ మాట తగిలించాలంటే వేరే రాష్ట్రం నుంచి ఒక్కరైనా వచ్చి మాట్లాడాలి. పెద్ద ఊళ్లలో వాళ్లు అందుకోసం విమానాలెక్కించి తెస్తారు. మాకా బాధ లేదు. మా ఊరి నుంచి హైవే మీద చిరాగ్‌పల్లి దాటితే కర్ణాటక. హుమ్నాబాద్‌లో బస్సెక్కిన మనిషి కాసేపటికి మా గేటు ముందు దిగుతాడు, దిగుతూనే జాతీయ వక్త అయిపోతాడు. ఈ కిటుకు కనిపెట్టింది జబ్బార్ సారే. ఆయన కలనగణితంలో ఏం కనిపెట్టలేదు గానీ, ఇదొక్కటి చాలు.

హుమ్నాబాద్ కాలేజీలో కులకర్ణి సార్ ఉండేవారు. మంచి మనిషి, సంఖ్యా సిద్ధాంతం బాగా చెప్తారు, పిలిస్తే కాదనరు. ఆయన ఎన్నిసార్లు వచ్చారంటే మా వాచ్‌మన్ ఆయన్ని మా స్టాఫే అనుకుని, ఆలస్యమైతే "ఇయ్యాల లేటయింది సార్" అనేవాడు. ఒకసారి నేను పరిచయం చేస్తూ 'సుదూర ప్రాంతం నుంచి వ్యయప్రయాసలకోర్చి విచ్చేసిన' అని గొంతెత్తాను. ఆయన పక్కనుంచి మెల్లగా, "మేడం, మొన్న సంతకు గూడ వచ్చిన్నండి, అల్లం కొనేకి" అన్నారు. మైకు ఆన్‌లోనే ఉంది.

ప్రశ్నల చీటీలు

ఇప్పుడు నా అసలు తప్పు దగ్గరికి వస్తున్నాను.

ఒక సెమినార్‌లో ప్రసంగం అయిపోయాక, "ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అన్నాను. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. అతిథి చేతిలో సుద్దముక్క తిప్పుకుంటూ నిలబడ్డారు. ఆ నిశ్శబ్దం నేను భరించలేకపోయాను. అంతలో వెనక బెంచీలో ఒకతను చెయ్యెత్తాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అతను లేచి, "మేడం, బయటికి పోవచ్చునా?" అని అడిగాడు.

ఆ వారం నుంచే చీటీలు మొదలుపెట్టాను. సెమినార్‌కు రెండు రోజుల ముందు అతిథి విషయం మీద ఐదు ప్రశ్నలు నేనే రాసి, ఐదుగురు పిల్లలకు ఇచ్చేదాన్ని. వాళ్లు బట్టీ పట్టేవారు. ప్రసంగం అవగానే టపటపా ఐదు చేతులు లేచేవి. అతిథులు మురిసిపోయేవారు. 'మారుమూల అనుకున్నాం గానీ ఏం పిల్లలండీ' అని పొగిడేవారు. వచ్చినవాళ్లు సంతోషంగా వెళ్తున్నారు, పిల్లలు నిలబడి మాట్లాడటం నేర్చుకుంటున్నారు, ఇందులో తప్పేముంది అనుకున్నాను. పిల్లలు నా మాటలు నాకే అప్పజెప్తున్నారన్న సంగతి, చాలా ఏళ్లు నాకు తట్టనే లేదు.

ఈ ఏర్పాటులో ఇమడనిది ఒక్కతే, కళావతి. ఝరాసంగం అమ్మాయి. వాళ్ల నాన్న మౌనాచారి వడ్ల పని, అంటే వడ్రంగం చేస్తాడు. కిటికీలు, తలుపులు, దేవుడి పటాలకు చౌకట్లు కడతాడు. ఆమెకు మొదటి ఏడాది ఒక చీటీ ఇచ్చాను. చీటీలో ఉన్నది చక్కగా అడిగింది. అతిథి జవాబు చెప్పి చెమట తుడుచుకునేలోపు, "గట్లయితే సార్, ఇంతకుముందు చెప్పింది ఎట్ల కుదురుతది?" అంది. అది నా చీటీలో లేదు. అతిథి మంచినీళ్లు అడిగారు. ఆ తర్వాత ఆమెకు చీటీ ఇవ్వలేదు.

కళావతికి ఇంకో చిక్కు ఉండేది. ఝరాసంగం పోయే షేర్ ఆటో నాలుగింటికి బయలుదేరుతుంది. తర్వాతది జనం నిండితేనే, ఎప్పుడో చీకటి పడ్డాక. పీజీలో చేర్పించేటప్పుడు మౌనాచారి ఒకే మాట అన్నాడు. "నాలుగింటి ఆటోల ఇంటికి రావాలె. రానినాడు చదువు బంద్." మొదటి ఏడాదంతా ఆమె ఒక్కసారీ ఆ ఆటో తప్పిపోనివ్వలేదు. క్లాసు జరుగుతున్నా, పావు తక్కువ నాలుగుకు పుస్తకాలు సర్దుకుని, నా వైపు దొంగలా చూసి వెళ్లిపోయేది.

కమిటీ, సున్నం

ఆమె రెండో ఏడాదిలో ఉండగా పిడుగులాంటి ఉత్తరం వచ్చింది. మా సెంటర్లో గణితం పీజీ కొనసాగించాలా, తీసేసి పెద్ద క్యాంపస్‌లో కలపాలా అని తేల్చడానికి కమిటీ వస్తోంది. కలిపేస్తే లెక్చరర్లకేం కాదు, బదిలీ చేస్తారు. పోయేది ఝరాసంగం నుంచి, మొగుడంపల్లి నుంచి ఆటోల్లో వచ్చే పిల్లల చదువు. వాళ్లను హైదరాబాద్ హాస్టల్‌కు పంపే ఇళ్లు కావవి. కళావతి లాంటివాళ్లకైతే చదువు ఆటో పోయినంత దూరమే.

జబ్బార్ సార్ మొట్టమొదటిసారి చాయ్ తాగకుండా కూర్చోవడం ఆ రోజే చూశాను. "మేడం, ఇజ్జత్‌కా సవాల్. వాళ్లొచ్చిన రోజు జాతీయ సెమినార్ పెట్టుదాం. డిపార్ట్‌మెంట్ జిందా ఉన్నదని కనవడాలె" అన్నారు.

వారం రోజులు తిండీ నిద్రా లేవు. గోడలకు సున్నం వేయించాను. కిటికీలకు రంగు వేయించాను. వేదిక వెనక గోడ మీద మా మొదటి ప్రిన్సిపాల్ గారి పెద్ద పటం ఉండేది, దాని చౌకట్టు బాగా మాసిపోయిందని దానికీ తెల్లరంగు పట్టించాను. రంగు మందంగా పూస్తే కొత్తదిలా ఉంటుందని దగ్గరుండి రెండు పూతలు వేయించింది నేనే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

కులకర్ణి సార్ ప్రధాన సంఖ్యల మీద మాట్లాడతానన్నారు. ఐదు ప్రశ్నలు రాసి ఐదుగురికి ఇచ్చాను. కళావతిని విడిగా పిలిచాను.

"చూడమ్మా, ఈ ఒక్కరోజు నువ్వు నోరు తెరవకు. నీ చదువు కోసమే చెప్తున్న."

"సరే మేడం" అంది. మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. ఆ మాట అన్నందుకు ఇవాళ్టికీ సిగ్గుపడతాను.

ఆ రోజు

కమిటీ మధ్యాహ్నానికి దిగింది. ముగ్గురు. చైర్మన్ గారు స్టాటిస్టిక్స్ మనిషి, పెద్ద క్యాంపస్ నుంచి వచ్చారు. ఎవరేం చెప్పినా "ఊఁ" అనేవారు. ఆ ఊఁ లో మెచ్చుకోలు ఉందో విసుగు ఉందో తెలిసేది కాదు. దీపం వెలిగింది. అగ్గిపెట్టె నా బ్యాగులోనే ఉంది. ఒక్క కులకర్ణి సారే రాలేదు.

ఫోన్ చేశాను. "మేడం, చిరాగ్‌పల్లి దగ్గర చెరుకు ట్రాక్టర్ బోల్తా పడిందండి. దారి మొత్తం బంద్ ఐతి. బస్సుల జనం అంత దిగి చెరుకు తింటున్రు" అన్నారు.

"మీరు?"

"నేను గూడ."

జాతీయ సెమినార్ చెరుకు నములుతూ సరిహద్దులో ఆగిపోయింది. జబ్బార్ సార్ నా చెవిలో, "నువ్వే మాట్లాడు మేడం. ఏదో ఒకటి. ఫికర్ చెయ్యకు" అన్నారు. ఆయన మొహం చూస్తే నాకంటే ఎక్కువ ఫికర్ ఆయనకే ఉంది.

నాకు నోటికి వచ్చినది ఒకటుంది. సుద్ద తీసుకుని అదే మొదలుపెట్టాను. చతురస్రపు పెట్టెకు మూలలు ఎనిమిది, అంచులు పన్నెండు, ముఖాలు ఆరు. మూలల్లోంచి అంచులు తీసేసి ముఖాలు కలిపితే రెండు. పిరమిడ్‌కు లెక్కపెట్టినా రెండే. చెక్కను ఎలా కోసినా రెండే. "చదునైన ముఖాలున్న ఏ ఘనాకారం తీసుకున్నా రెండే వస్తుంది" అని గట్టిగా చెప్పాను. పుస్తకంలో అక్కడ ఒక షరతు ఉండేదని నాకు లీలగా తెలుసు. అదేమిటో ఆ క్షణాన గుర్తుకు రాలేదు. మింగేశాను. చైర్మన్ గారు ఊఁ అన్నారు.

ప్రసంగం అయ్యాక, అలవాటు కొద్దీ "ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అనేశాను. అనకపోయినా బాగుండేది.

టపటపా ఐదు చేతులు లేచాయి. చీటీలు ప్రధాన సంఖ్యల మీదని, నేను మాట్లాడింది పెట్టెల మీదని నాకప్పుడు తట్టింది. కళ్లతో సైగ చేశాను. రెండు రోజులుగా బట్టీ పట్టిన పిల్లలకు నా సైగ ఏం కనపడుతుంది. మొదటి పిల్లవాడు లేచాడు.

"సార్, మీ ప్రసంగం మాకు ఎంతో స్ఫూర్తినిచ్చింది. ప్రధాన సంఖ్యలు అనంతం అన్నారు కదా సార్, వాటి మధ్య ఎడం ఎంత పెరగవచ్చు సార్?"

నేను సార్‌ను కాను. అనంతం అననూ లేదు. అయినా ఏదో జవాబు చెప్పాను. రెండో అమ్మాయి, కర్ణాటకలో గణితం ఎలా అభివృద్ధి చెందుతోంది సార్ అని అడిగింది. దానికీ చెప్పాను. మూడో అతను మళ్లీ మొదటి ప్రశ్నే అడిగాడు. హడావుడిలో ఒకే ప్రశ్న రెండు చీటీల మీద రాశానన్నమాట. నాలుగో పిల్ల సగం అడిగి, మరిచిపోయి, చీటీ తీసి చూసుకుంది.

చైర్మన్ గారు వంగి, ఆ చీటీ ఇటివ్వమ్మా అన్నారు. పక్కనున్న అబ్బాయి చేతిలోదీ తీసుకున్నారు. వరుసగా ఐదూ పోగు చేసి చదివారు.

"మీ పిల్లలందరి దస్తూరీ ఒక్కలాగే ఉందే మేడం" అన్నారు. కోపం లేదు. అదే నాకు భయమేసింది. ఫైలు మూసి, "సరే, చూడాల్సింది చూశాం" అని కుర్చీలోంచి లేవబోయారు. గోడ గడియారంలో నాలుగుకు పది నిమిషాలు తక్కువ. అయిపోయింది అనుకున్నాను. మూడంటే మూడు నిమిషాల్లో, నా చేతి రాతతోనే, మా కోర్సు నేనే మూసేశాను.

కళావతి అప్పటికే పుస్తకాలు సర్దుకుని గుమ్మం దాకా వెళ్లింది. అక్కడ ఆగి గడియారం చూసింది, నన్ను చూసింది, చెయ్యెత్తింది. కూర్చో అన్నట్టు సైగ చేశాను. కూర్చోలేదు. పోనీ వెళ్లిపో, ఆటో పోతుందన్నట్టు బయటికి చూపించాను. వెళ్లనూ లేదు.

"అడుగమ్మా. నీ చీటీ ఏది?" అన్నారు చైర్మన్ గారు.

"నాకు చీటీ ఇయ్యలే సార్" అంది. "మేడం, ఏ ఘనాకారానికైన రెండే అన్నరు. నడుమ బొక్క ఉన్నదానికి గూడ రెండే వస్తదా? గా పటం చౌకట్టు లెక్క?"

అందరం ప్రిన్సిపాల్ గారి పటం వైపు తలెత్తాం. నేను మింగిన షరతు అక్కడ గోడకు వేలాడుతోంది.

"నాకు తెలియదమ్మా" అన్నాను. ఆ వేదిక మీద నిలబడి ఆ మాట అనడం అదే మొదటిసారి. అంత కష్టంగా ఏం లేదు.

"బొక్క ఉంటే సున్నా వస్తుంది. మేము డిగ్రీలోనే చదివాం" అన్నారు చైర్మన్ గారు, చేతిరుమాలు మడత పెట్టుకుంటూ.

"నేను ఇందాకట్నుంచి లెక్కవెడుతున్న సార్. నాకైతె రెండే వస్తున్నది."

"రాదమ్మా."

"వస్తున్నది సార్. జర మీరు చూడుండ్రి."

ఆయన వేదిక ఎక్కారు. ఫొటో, అద్దం లేవనుకుని లెక్కపెట్టారు. బయటి మూలలు ఎనిమిది, లోపలివి ఎనిమిది, మొత్తం పదహారు. అంచులు ఇరవై నాలుగు. ముఖాలు ముందొకటి, వెనకొకటి, బయట నాలుగు, లోపల నాలుగు, మొత్తం పది. పదహారులోంచి ఇరవై నాలుగు తీసి పది కలిపితే రెండు. మళ్లీ లెక్కపెట్టారు. రెండే. కోటు విప్పి కుర్చీ మీద వేశారు. కింద పెట్టి చూస్తే తప్ప కుదరదన్నారు. జబ్బార్ సార్ స్టూలెక్కి పటం దించారు. ఫొటోను, అద్దాన్ని విడదీసి, ప్రిన్సిపాల్ గారిని రెండు చేతులతో గుండెకు హత్తుకుని నిలబడ్డారు. చైర్మన్ గారు వట్టి చౌకట్టు పట్టుకుని వేలు పెట్టి అంచులు తడిమారు. రెండు.

పిల్లలు బెంచీలు వదిలి వేదిక చుట్టూ చేరారు. చీటీల వాళ్లు ఐదుగురూ అక్కడే ఉన్నారు. ఒకడు పుస్తకం తప్పంటాడు, ఒకతె మేడం తప్పంటుంది. చైర్మన్ గారు "నువ్వాగు, నువ్వు లెక్కపెట్టు" అని అరుస్తున్నారు. మిగతా ఇద్దరు సభ్యులు బయట కారు దగ్గర నిలబడి వాచీలు చూసుకుంటున్నారు. జబ్బార్ సార్ నా పక్కకు వచ్చి, ప్రిన్సిపాల్ గారి మీదుగా వంగి, "మేడం, మూడోది యాదికొచ్చింది" అన్నారు. "ఏంటి సార్" అన్నాను. "గదే" అని కళావతి వైపు గడ్డంతో చూపించారు.

అప్పుడు కళావతి గడియారం చూసింది. నాలుగున్నర. బెంచీ మీద కూలబడింది.

"ఆటో పోయింది మేడం. రేపటి సంది నన్ను రానియ్యరు" అంది.

సంగతేమిటని చైర్మన్ గారు అడిగారు. చెప్పాను. ఆయన చౌకట్టు వైపు, పిల్ల వైపు చూశారు. "జవాబు చెప్పలేక ఆలస్యం చేసింది నేను. కారు ఉంది, పదండి" అన్నారు. చౌకట్టు చంకన పెట్టుకుని ముందు నడిచారు. మిగతా ఇద్దరినీ జబ్బార్ సార్ చాయ్‌కు తీసుకెళ్లారు. ఆ విద్యలో ఆయనకు ఎదురు లేదు.

ఝరాసంగంలో

ఇంకా పొద్దు ఉండగానే చేరాం. మౌనాచారి వాకిట్లో కట్టె నున్నగా రందా పడుతున్నాడు. కారు ఆగగానే రందా ఆపాడు. కూతురు కార్లోంచి దిగింది, వెనక నేను, వెనక కోటు లేని పెద్దమనిషి, చేతిలో చౌకట్టు. పక్కిళ్ల వాళ్లు బయటికి వచ్చి నిలబడ్డారు.

"ఆటో ఏమాయె?" అన్నాడు మౌనాచారి. అడిగింది కూతుర్ని.

నేనేదో మొదలుపెట్టబోయాను. చైర్మన్ గారు నన్ను ఆపి, చౌకట్టు ఆయన చేతికిచ్చారు. "మీ అమ్మాయి దీన్ని గురించి ఒక మాట అడిగింది. మాకెవరికీ జవాబు రాలేదు. అందుకే ఆలస్యమైంది" అన్నారు.

మౌనాచారి చౌకట్టును అటూ ఇటూ తిప్పి చూశాడు. మొహం ముడుచుకుంది.

"ఇది నేను కట్టిందే. టేకు కట్టె. దీనికి గీ రంగు ఎవరు పూసిన్రు?"

చైర్మన్ గారు నా వైపు చూశారు. "నేనే" అన్నాను.

అతను కింద కూర్చుని ఉలి అంచుతో ఒక మూల మీద రంగు గీకాడు. తెల్ల పొర లేచింది. దాని కింద, లోపలి మూల నుంచి బయటి మూలకు ఏటవాలుగా సన్నటి గీత కనపడింది. రెండో మూల గీకాడు. అక్కడా గీత.

"ఒక్క పలకకు బొక్క కొట్టి చౌకట్టు ఎవరు చేస్తరు సార్? నాలుగు కట్టెలు, నాలుగు అతుకులు. అతుకులు దాచిపెట్టి లెక్కవెడితె లెక్క ఎట్ల కుదురుతది?"

కళావతి వాళ్ల నాన్న పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. వేలితో గీతలు తడుముతూ గొణిగింది. ముందు ముఖం ఒకటి కాదు, నాలుగు. వెనకా నాలుగే. బయట నాలుగు, లోపల నాలుగు, మొత్తం పదహారు. అతుకు గీతలు ముందు నాలుగు, వెనక నాలుగు కలిస్తే అంచులు ముప్పై రెండు. మూలలు పదహారే.

"సున్న సార్" అంది.

చైర్మన్ గారు పక్కనున్న దుంగ మీద కూర్చున్నారు. "ఒక్కో ముఖానికి మళ్లీ బొక్క ఉండకూడదు. అదీ షరతు. ముప్పై ఏళ్ల కింద చదివి మరిచిపోయాను" అన్నారు. అప్పుడు నవ్వారు. ఆయన నవ్వడం నేను చూసింది అదే మొదలు.

తర్వాత నవ్వు ఆపి అడిగారు. "ఆటో తప్పింది కదా. రేపు పంపిస్తారా అమ్మాయిని?"

మౌనాచారి ఉలి కింద పెట్టాడు. "లెక్క నడుమ ఇడిచిపెట్టి ఆటో ఎక్కితె కోపం చేద్దును సార్. కోత నడుమ రంపం ఇడిచిపెట్టి నేను అన్నానికి పోతనా?" అన్నాడు. కూతురి వైపు తిరిగి, "లేటయితె ఫోన్ చెయ్యి బిడ్డ. నేనే బండి మీద వస్త" అన్నాడు.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చెట్ల వైపు చూస్తున్నట్టు నటించాను. అక్కడ చెట్లేం లేవు, కందిచేను ఉంది.

తిరుగు దారిలో చైర్మన్ గారు ఊరు దగ్గరపడుతుండగా జేబులోంచి నా ఐదు చీటీలు తీసి నా చేతిలో పెట్టారు. "ఇవి ఫైల్లో పెట్టను. మీరే జవాబులు రాసుకోండి" అన్నారు. కోర్సు ఉండాలని రాశారని నెల తర్వాత తెలిసింది. ఎందుకుండాలో చెప్తూ రాసింది ఒక్క ముక్కేనట, ఇక్కడి పిల్లలు ప్రశ్నలు అడుగుతారని. బహువచనం ఆయన దయ.

ఇప్పటి సంగతి

ఆ తర్వాత నేను చీటీ రాయలేదు. మొదట్లో చాలా సెమినార్లలో నిశ్శబ్దమే. ఫ్యాను చప్పుడు వింటూ నిలబడటం అలవాటు చేసుకున్నాను. మీరూ చేసుకోండి. నోట్లో అగ్గి పెట్టుకున్నట్టు ఉంటుంది, అయినా ఓర్చుకోండి. ఒక నిమిషం తర్వాత ఎవరో ఒకరు కదులుతారు. బయటికి పోవచ్చునా అని అడిగినా సరే, ఆ ప్రశ్న వాడిదే.

నా చివరి జాతీయ సెమినార్‌కు వక్త హుమ్నాబాద్ నుంచే వచ్చింది. కులకర్ణి సార్ రిటైరైన కాలేజీలో ఇప్పుడు కళావతి పాఠం చెప్తోంది. చిరాగ్‌పల్లి దాటి వచ్చింది కాబట్టి జాతీయమే. ప్రసంగం అయ్యాక ప్రశ్నలడిగేవాళ్లు లేక హాలంతా మూగబోయింది. నేను ఆగాను. ఆమె సుద్ద చేతిలో పట్టుకుని, తొందరేం లేదన్నట్టు నిలబడింది. చివరికి మొగుడంపల్లి పిల్ల ఒకతె లేచి, "మేడం, రెండో లైన్ నాకు అర్థం కాలే" అంది. కళావతి నా వైపు చూసి, రెండో లైన్ తుడిచి మళ్లీ మొదలుపెట్టింది. తుడిచిన లైన్లో తప్పుంది.

ఆ రోజు నాకు శాలువా కప్పారు. జబ్బార్ సార్ ముసలితనంలోనూ వచ్చి చాయ్ బాగాలేదని చెప్పి వెళ్లారు. కళావతి వాళ్ల నాన్న పంపించాడని ఒక చౌకట్టు ఇచ్చింది. టేకు కట్టె, రంగు లేదు, నాలుగు అతుకులూ కనపడుతున్నాయి. లోపల ఫొటో లేదు. ముందు గదిలో అలాగే వట్టిగా తగిలించాను. వచ్చినవాళ్లందరూ ఫొటో ఏదని అడుగుతారు. ముందు మూలలు, అంచులు, ముఖాలు లెక్కపెట్టి చెప్పమంటాను. మొన్న గ్యాస్ సిలిండర్ తెచ్చినాయన గోడ ముందు నిలబడి, వేళ్లు మడిచి లెక్కపెట్టి, "రెండు, అమ్మా" అన్నాడు.

మళ్లీ చూడమని కుర్చీ వేశాను. మళ్లీ లెక్కపెడుతున్నాడు.